ముంజె లాంటి మెదడు, చెదిరిపోయే మ్యాపు

ఒక పాఠకురాలు రెండు ప్రశ్నలు పంపారు. వాళ్ల బాబాయికి మెదడులో ట్యూమర్ తీశారు. ముందురోజే ఎమ్మారై అయింది కదా, మరి ఆపరేషన్ మధ్యలో ఆపి మళ్లీ స్కాన్ ఎందుకు తీశారు? మర్నాడంతా గదిలో కర్టెన్లు వేసి ఎందుకు ఉంచారు? మొదటిదానికి జవాబు తాటిముంజెలో ఉంది.

లేత ముంజె ఒలిచి అరచేతిలో పెట్టుకోండి. లోపల నీళ్లున్నంతసేపు నిండుగా, ఉబ్బి ఉంటుంది. బొటనవేలితో పొడవగానే నీళ్లు మోచేతిదాకా కారతాయి, కండ కుంగిపోతుంది. ఎత్తుగా ఉన్నచోట ఇప్పుడు గుంట. ముంజె అదే, కానీ ఏ భాగమూ పాత చోట లేదు.

మెదడూ అంతే. బరువు సుమారు 1400 గ్రాములు. ద్రవంలో తేలుతుంది కనుక దాని భారం 50 గ్రాముల లెక్కే. మెదడు లోపలి గదుల్లోనూ అదే ద్రవం. పుర్రెలో కిటికీ కోసి, మెదడును కప్పి ఉండే డ్యూరా పొర తెరవగానే అది కారిపోతుంది, తేలుతున్నది కుంగుతుంది. ట్యూమర్ తీసేకొద్దీ ఆ ఖాళీలోకి చుట్టుపక్కల కండ ఒరుగుతుంది. ఒక్కోసారి వాపుతో పైకి ఉబుకుతుంది కూడా. ఈ కదలిక సెంటీమీటరు దాటవచ్చు. సర్జన్లు దీన్ని బ్రెయిన్ షిఫ్ట్ అంటారు. ముంజె ఒక్కసారే కుంగి ఊరుకుంటుంది. మెదడు అలా కాదు, ఆపరేషన్ సాగినన్ని గంటలూ జరుగుతూనే ఉంటుంది. తలను ఎటు తిప్పి ఉంచారన్నదాన్ని బట్టి కుంగే దిశ కూడా మారుతుంది.

ఇది మనకు తట్టకపోవడానికి చదువు కూడా కొంత కారణం. కాలేజీ ల్యాబులో సీసాలో చూపే మెదడు ఫార్మలిన్‌లో ఊరి రబ్బరులా గట్టిపడినది. బతికున్న మెదడు అలా ఉండదని అక్కడే చెప్పాలి.

ఇక నావిగేషన్, అంటే సర్జన్ పరికరం తలలో ఎక్కడుందో ముందు తీసిన ఎమ్మారై బొమ్మ మీద చూపే ఏర్పాటు. తలను మూడు పిన్నుల క్లాంపులో బిగిస్తారు. సర్జన్ పాయింటర్ మీద మెరిసే చిన్న గుండ్లుంటాయి. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా వాటిని చూసి, పాయింటర్ మొన ఎక్కడుందో లెక్కగడుతుంది. ముఖం మీది గుర్తులను తాకిస్తూ అసలు తలను ఎమ్మారై బొమ్మతో జోడిస్తారు. ఈ జోడింపుకు 6 సంఖ్యలు చాలు: జరగడానికి 3, తిరగడానికి 3. తల రాయిలా ఒకే ముద్దగా కదిలినంతవరకే ఆ ఆరూ పనిచేస్తాయి. పుర్రె అలాగే కదులుతుంది, లోపలి మెదడు అలా కదలదు. ప్రతి బిందువూ తన దారిన జరిగితే ప్రతిదానికీ విడిగా 3 సంఖ్యలు కావాలి. అప్పుడు తెరమీద మొన ట్యూమర్ నడిమధ్యలో కనబడుతుంది, నిజానికి మంచి కండలో ఉంటుంది. పక్కనే మాటను నడిపే భాగం ఉంటే? తలచుకుంటేనే టెన్షన్. అందుకే మళ్లీ స్కాన్.

1990ల మధ్యలో బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో ఇందుకోసమే ఒక ఎమ్మారై పెట్టారు. రెండు పెద్ద గారెలను పక్కపక్కన నిలబెట్టినట్టు అయస్కాంతాలు, మధ్య సందులో సర్జన్! అంత ఖర్చు పెట్టలేనిచోట అల్ట్రాసౌండ్ ఆదుకుంటుంది.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. పెద్ద వయసులో మొదటిసారి ఫిట్స్ రావడం ట్యూమర్‌కు తొలి గుర్తు కావచ్చు. ఇప్పటికీ కొందరు చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టి, గాలి సోకిందని తాయెత్తు కడుతున్నారు. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి. ఆ పేరు ఇనుముకు పోతుంది, స్కాన్ నెలల తరబడి వాయిదా పడుతుంది.

రెండో ప్రశ్నకు వద్దాం. 5-ఏఎల్ఏ అనే మందును ఆపరేషన్‌కు కొన్ని గంటల ముందు తాగిస్తారు. గ్లయోమా అనేది మెదడులోనే పుట్టే ఒక రకం ట్యూమర్. ముదిరిన గ్లయోమా కణాల్లో ఆ మందు, నీలికాంతి పడితే ఎర్రగా వెలిగే ప్రోటోపోర్ఫిరిన్ అనే పదార్థంగా మారి పేరుకుంటుంది. మైక్రోస్కోపును నీలికాంతికి మార్చగానే చుట్టూ నీలం, ట్యూమర్ మాత్రం నిప్పుకణికలా ఎరుపు. మెదడు ఎంత జరిగినా ఆ ఎరుపు ట్యూమర్‌తోపాటే జరుగుతుంది, పాత మ్యాపుతో పనిలేదు! 2006లో జర్మనీ పరిశోధకులు ప్రకటించిన ఫలితాల్లో, స్కాన్‌లో వెలిగే ట్యూమర్ పూర్తిగా తీయగలిగింది మామూలు వెలుగులో 36 శాతం మందికైతే, ఈ వెలుగులో 65 శాతం మందికి. రక్తం కప్పినచోట, కండ లోతున ఉన్నచోట ఆ ఎరుపు కనబడదు. అక్కడ మళ్లీ స్కానే దిక్కు.

అదే పదార్థం కొంత చర్మంలోనూ తయారవుతుంది. గట్టి వెలుగు పడితే చర్మం కందిపోతుంది. బాబాయి గదికి కనీసం 24 గంటలు కర్టెన్లు వేసి ఉంచింది అందుకే.