నిద్రలోనే పోయాడు, పుణ్యాత్ముడు

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు పాత క్యాలెండర్ కాగితం ఒకటి చించి, దాని వెనక మా వంశవృక్షం గీశాను. గోత్రాల కోసం కాదు, జబ్బుల కోసం. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా. చనిపోయినవాళ్ల మీద అడ్డగీత, జబ్బు ఉన్నవాళ్ల గడికి రంగు. భార్యాభర్తలను కలుపుతూ ఒక గీత. వాళ్లు ముందే రక్తసంబంధీకులైతే రెండు గీతలు. డాక్టర్లు ప్రపంచమంతటా వాడే గుర్తులే ఇవి. మా కాగితం మీద జంటగీతలు మూడుచోట్ల పడ్డాయి.

చెబుతున్నది మా చిన్నత్త, నాన్న చెల్లెలు. తాతయ్య గడి దగ్గరికి రాగానే "ఆయనకేం జబ్బుల్లేవురా. నిద్రలోనే పోయాడు, పుణ్యాత్ముడు" అంది. ఎన్నేళ్లకు పోయాడంటే తెలీదంది. ఏ ఏడో మాత్రం తెలుసు: దివిసీమ ఉప్పెనకు ముందటేడు. అంటే 1976. అప్పటికి తనకు పద్నాలుగేళ్లని, పెద్దత్త పెళ్లి ఇంకా కాలేదని, తాతయ్య తన తమ్ముడి కంటే ఇంతే పెద్దని ఒక్కొక్కటే లెక్కేసుకుంటూ వస్తే చివరికి తేలింది. పోయేనాటికి ఆయనకు నలభై అయిదు కూడా లేవు.

ఎనభైలో నిద్రలో పోతే అనాయాస మరణం. నలభై నాలుగులో పోతే అది వెనక మిగిలినవాళ్లకు హెచ్చరిక. దాన్ని మేం ఇన్నేళ్లూ పుణ్యం ఖాతాలో రాసుకున్నాం.

పెద్దత్త సున్నా దగ్గర చిన్నత్త కాస్త తటపటాయించింది. "ఎప్పుడో హైదరాబాదులో ఏదో గడ్డ తీశారులే" అని మాట మార్చేసింది. అక్కడ ప్రశ్నార్థకం పెట్టి ముందుకెళ్లాను.

ముప్పై దాటినవాళ్ల కోసం ఆశా కార్యకర్త ఇంటికొచ్చి నింపే ఫారం ఒకటుంది. బీపీ, షుగర్ లాంటివి ఎవరికి వచ్చే అవకాశం ఎక్కువో ముందే గుర్తించడానికి దేశమంతా వాడుతున్నారు. వయసెంత, పొగాకు అలవాటుందా, మందు తాగుతారా, నడుము చుట్టుకొలతెంత, ఒంటికి పనుందా అని వరసగా అడిగి, చివర్లో ఒక ప్రశ్న వేస్తారు: మీ అమ్మానాన్నల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నాయా? ఉన్నాయంటే రెండు మార్కులు. మొత్తం నాలుగు దాటితే ముందు వాళ్లనే పరీక్షలకు పిలుస్తారు. చెన్నైలో డాక్టర్ వి. మోహన్ బృందం షుగర్ ముప్పు కోసం తయారుచేసిన లెక్క ఇంకొంచెం వివరంగా ఉంటుంది. నూటికి వేసే ఆ మార్కుల్లో అమ్మానాన్నల్లో ఒకరికి షుగర్ ఉంటే పది, ఇద్దరికీ ఉంటే ఇరవై.

రక్తం తీయక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. ఒకరకంగా ఇదే మనకు దొరికే అతి చవకైన జన్యుపరీక్ష. చిక్కంతా దానికి మనం చెప్పే జవాబుతోనే. మా తాతయ్య గురించి మా నాన్నను ఎవరైనా అడిగి ఉంటే "లేదండీ" అనేవాడు, అబద్ధం అనుకోకుండానే. మన ఇళ్లలో జబ్బులకు జబ్బుల పేర్లుండవు. పక్షవాతం 'గాలి తగలడం' అవుతుంది. క్యాన్సర్‌ను 'ఆ జబ్బు' అంటారు, అదీ గొంతు తగ్గించి. రోజుకు రెండుపూటలా మాత్రలు మింగేవాళ్లు కూడా "షుగర్ లేదు, బోర్డర్లో ఉంది" అంటారు. ఏ కారణంతో పోయినా ఆఖరికి గుండె ఆగే పోతారు కాబట్టి 'హార్ట్ ఎటాక్' మాటకు అర్థమే లేకుండా పోయింది.

అందుకే ఏ జబ్బు అని అడిగి ఊరుకుంటే సరిపోదు. ఎన్నో ఏట మొదలైంది అన్నదే అసలు ప్రశ్న. ఆశా ఫారంలో దానికి గడి లేదు. తండ్రికో అన్నదమ్ముడికో యాభై అయిదు లోపు, తల్లికో అక్కచెల్లెలికో అరవై అయిదు లోపు గుండెజబ్బు వస్తే డాక్టర్లు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. డెబ్బై అయిదేళ్ల తండ్రికి వస్తే అంతగా పట్టించుకోరు. షుగర్ విషయంలోనూ అంతే. మూడు తరాల్లో వరసగా పాతికేళ్ల లోపే షుగర్ బయటపడితే అది అందరికీ వచ్చే రకం కాకపోవచ్చు. ఒకే జన్యువులో లోపం వల్ల వచ్చే 'మోడీ' అనే రకం ఒకటుంది (పేరు చూసి రాజకీయాల్లోకి వెళ్లకండి, అది ఇంగ్లీషు పొడి అక్షరాల కూర్పు). అందులో కొన్ని రకాలకు సూదులు అవసరం లేదు, చవకైన పాత మాత్రలకే షుగర్ బాగా దిగుతుంది. ఏళ్ల తరబడి ఇన్సులిన్ పొడుచుకుంటున్న కుర్రవాడి వైద్యం, అతని తాత వయసు అడగడంతో మారిపోవచ్చు.

చిన్నవయసులో హఠాత్తుగా పోవడం వెనక వంశపారంపర్య కారణాలు చాలానే ఉంటాయి. పుట్టుకతోనే చెడు కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండే జబ్బు సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. ఇది తల్లిదండ్రుల్లో ఒకరికి ఉన్నా చాలు, పిల్లల్లో ఒక్కొక్కరికి సగానికి సగం అవకాశం. పైకి ఏ బాధా తెలియదు. పీహెచ్‌సీ స్థాయిలో చేసే కొలెస్ట్రాల్ పరీక్షలోనే అనుమానం వస్తుంది. స్టాటిన్ మాత్రలతో అదుపులోకీ తేవచ్చు. ఇంట్లో ఒకరికి ఉందని తేలితే తోబుట్టువులనూ పిల్లలనూ వరసగా పిలిచి చూడాలి. ఇంకొక కారణం గుండె కండరమే మందమైపోవడం. గుండె కండరానికి కావలసిన ప్రొటీన్ తయారుచేసే ఒక జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాలు ఎగిరిపోయిన మార్పు దక్షిణాసియా వాళ్లలో నూటికి నలుగురిలో ఉందని 2009లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన తంగరాజ్, ఆయన సహచరులు ప్రకటించారు. అది ఉన్న ప్రతివాళ్లకూ జబ్బు రాదు. చాలామంది నిక్షేపంగా బతికేస్తారు. అందుకే ఆ మార్పు ఉందో లేదో ఊరందరికీ చూడటం కంటే, ఇంట్లో చిన్నవయసు చావు ఉన్నవాళ్లకు ఒక ఎకో (గుండె స్కాన్) తీయించడం మేలని నా అభిప్రాయం.

అసలు జబ్బే కానిది కూడా ఒకటి కుటుంబచరిత్రలో దాక్కుని ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు గొంతులోకి గొట్టం దించాలంటే కండరాలు వదులవాలి. అందుకు ఇచ్చే మందుల్లో సక్సినైల్‌కోలిన్ ఒకటి. మన రక్తంలోని ఒక ఎంజైము దాన్ని నిమిషాల్లో విరగ్గొట్టేస్తుంది, కండరాలు మళ్లీ పనిలోకి వస్తాయి. ఆ ఎంజైము లేనివాళ్లకు అది గంటలు పడుతుంది. ఆపరేషన్ అయిపోయినా ఊపిరి తీసుకోలేరు. వెంటిలేటర్ మీద ఉంచి కాపాడుకుంటే మందు దిగిపోయి మామూలుగా లేచి కూర్చుంటారు. ఈ లోపం ఉన్నవాళ్లు నూరేళ్లు బతికినా, ఆ మందు ఒంట్లోకి వెళ్లనంతవరకు దాని సంగతే తెలియదు.

ఈ లోపం ఆర్యవైశ్యుల్లో మిగతావాళ్లకంటే చాలా ఎక్కువని మన దేశంలో మత్తు డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు. దానికి కారణమైన జన్యుమార్పును 2006లో గుర్తించారు కూడా. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఎన్నో తరాల కిందట కొద్దిమందితో మొదలైన సమూహం తనలో తానే పెళ్లిళ్లు చేసుకుంటూ పెరిగితే, ఆ మొదటివాళ్లలో ఒకరికున్న అరుదైన మార్పు వేలమందికి పంచబడుతుంది. మన దేశంలో ఇలాంటి సమూహాలు ఎన్నో. సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను చూస్తే, 81 సమూహాల్లో ఈ ప్రభావం ఫిన్లాండ్ వాళ్లకంటే, యూరప్ యూదులకంటే గట్టిగా కనిపించింది. జన్యుశాస్త్రం పుస్తకాల్లో ఉదాహరణగా చెప్పేది ఆ రెండు సమూహాలనే.

ఇక్కడ పనికొచ్చేది ల్యాబ్ కంటే ముందు ఒక మాట. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత లేవడానికి చాలాసేపు పట్టిందా? ఇలాంటి కథ మన ఇళ్లలో ఉండకపోదు, కాకపోతే వేరే రూపంలో ఉంటుంది: "మా బాబాయికి ఆ డాక్టరు మత్తు ఎక్కువిచ్చేశాడు, చచ్చి బతికాడు." తప్పు డాక్టరు మీదికి వెళ్లిపోయింది కాబట్టి ఆ ఇంట్లో తర్వాత ఆపరేషన్ బల్లెక్కిన వాళ్లెవరూ ఆ సంగతి చెప్పరు. చెబితే మందు మార్చి ఇంకొకటి వాడతారు. అంతే, సమస్యే లేదు.

ఇక ఆ జంటగీతల మాట. మేనరికం అనగానే ఒకరు "పిల్లలు అవిటివాళ్లు పుడతారు" అంటారు. ఇంకొకరు "మా ఇంట్లో అన్నీ మేనరికాలే, ఏమైంది?" అంటారు. రెండూ లెక్క తెలియని మాటలే. ప్రతి జన్యువూ మన ఒంట్లో రెండు కాపీలుగా ఉంటుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. మేనబావ, మేనమరదలు పెళ్లాడితే వాళ్లకు పుట్టే బిడ్డ జన్యువుల్లో సగటున పదహారో వంతు రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవై ఉంటాయి. అక్కకూతుర్ని మేనమామకిస్తే ఎనిమిదో వంతు. రెండు కాపీలూ చెడితేనే బయటపడే జబ్బులకు ఇది దారి తెరుస్తుంది. ఏ బంధుత్వం లేని జంటలకే నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో పెద్ద లోపంతో పుడతారు. మేనబావ, మేనమరదళ్ల జంటకు దాని మీద ఇంకో రెండు మూడు కలుస్తాయి. అంటే ఎక్కువమంది పిల్లలు బాగానే పుడతారు, ముప్పు మాత్రం దాదాపు రెట్టింపు. ఇంట్లో ఇప్పటికే ఒక బిడ్డకు అలాంటి జబ్బు వచ్చి ఉంటే ఈ సగటు లెక్కలు పనికిరావు, అప్పుడు జన్యువైద్యుణ్ణి కలవాల్సిందే.

ఎంత బాగా అడిగినా జవాబు దొరకని చోటు ఒకటుంది. పాడేరు, అరకు, భద్రాచలం, ఉట్నూరు వైపు ఆదివాసీల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బునే తీసుకోండి. హిమోగ్లోబిన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారడం వల్ల ఎర్రకణాలు కొడవలిలా వంగి నెత్తుటి దారుల్లో ఇరుక్కుంటాయి. ఒక్క కాపీ మారినవాళ్లు మామూలుగానే ఉంటారు, పొలం పనులు చేసుకుంటారు, "మా ఇంట్లో ఎవరికీ లేదు" అని నిజాయితీగా చెబుతారు. అలాంటివాళ్లు ఇద్దరు పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం. ఇక్కడ మాట చాలదు, రక్తం చుక్క కావాలి. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ నలభై ఏళ్ల లోపువాళ్లు ఏడు కోట్లమందికి ఈ పరీక్ష చేయాలని పెట్టుకుంది. జబ్బును పూర్తిగా నిర్మూలించడానికి పెట్టుకున్న గడువు 2047. ముందు దగ్గర్లోనే ఒక చిన్న పరీక్ష చేస్తారు, అనుమానమొస్తే పెద్ద ల్యాబ్‌కు పంపుతారు, తర్వాత చేతికి ఒక కార్డు ఇస్తారు.

నాకు భయం ఆ కార్డు గురించే. జబ్బు లేని అమ్మాయి చేతిలో 'లక్షణం ఉంది' (అంటే ఒక్క కాపీ మాత్రమే మారింది) అన్న కార్డు ఉంటే సంబంధాలు చూసేవాళ్లు దాన్ని ఎలా చదువుతారు? న్యూయార్క్‌లోని సనాతన యూదులు ఈ ముడిని వేరేగా విప్పారు. టే శాక్స్ అనే వంశపారంపర్య నరాల జబ్బుతో నలుగురు పిల్లల్ని పోగొట్టుకున్న జోసెఫ్ ఎక్‌స్టీన్ అనే మతగురువు 1983లో డోర్ యెషోరిమ్ అనే సంస్థ పెట్టాడు. బడిపిల్లలకు పరీక్ష చేసి ఒక నంబరు మాత్రం ఇస్తారు. ఫలితం వాళ్లకు కూడా చెప్పరు. సంబంధం మాటల్లోకి వచ్చినప్పుడు ఇద్దరి నంబర్లూ చెబితే, ఈ జంట కుదురుతుందా లేదా అన్నది ఒక్కటే చెబుతారు. జాతకాలు చూపించుకున్నట్టే. ఎవరి లోపమో ఊరికి తెలియదు. తమ ఒంటి సంగతి తమకే తెలియకుండా ఉంచడం సబబేనా అన్న విమర్శ దాని మీద ఉంది, అదీ కొట్టిపారేయదగింది కాదు.

మన దగ్గర పెళ్లి భయం పరీక్షల కంటే చాలా పాతది. రొమ్ము క్యాన్సర్ సంగతే చూడండి. బీఆర్‌సీఏ జన్యువుల్లో లోపం ఉన్న స్త్రీకి జీవితంలో రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి డెబ్బై దాకా ఉంటుంది. ఆ లోపం అమ్మ నుంచి ఎంత వస్తుందో నాన్న నుంచీ అంతే వస్తుంది. మగవాళ్లు దాన్ని మోసుకుంటూ, ఏ జబ్బూ లేకుండా, కూతుళ్లకు అందించగలరు. అయినా డాక్టర్ అడిగితే మనం అమ్మ వైపు ఆడవాళ్లనే తలుచుకుంటాం. ఆశా ఫారంలోని కుటుంబం ప్రశ్నలోనైతే క్యాన్సర్ మాటే లేదు.

ఊర్నుంచి వచ్చాక మా అన్నయ్యా నేనూ కొలెస్ట్రాల్ చూపించుకుని ఎకో తీయించుకున్నాం. నాకు అంతా బాగానే ఉంది. అన్నయ్య చెడు కొలెస్ట్రాల్ 200 దాటింది, మాత్ర మొదలుపెట్టాడు. ఈ కబురు చెబుదామని చిన్నత్తకు ఫోన్ చేశాను. అంతా విని కాసేపు ఏం మాట్లాడలేదు.

"ఒరే, నీ కాగితం మీద పెద్దక్క సున్నాకి కూడా రంగెయ్యి" అంది. "రొమ్ములో గడ్డరా అది. తనకు ముప్పై తొమ్మిదప్పుడు. ఆడపిల్లల పెళ్లిళ్లు కావాలని ఎవరికీ చెప్పలేదు. అయిపోయాయిగా, ఇప్పుడు చెప్పినా ఏం పర్లేదు."