కంచె సందులోంచి దూరిన పాడి రైతు: గ్లాస్టన్‌బరీకి 2026లో సెలవెందుకు

2026 జూన్‌లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవం లేదు. కారణం చిన్నదే, పొలాన్ని పడావు పెట్టారు. 2006లో, 2012లో, 2018లో కూడా ఇలాగే ఆపారు. ఇంత డబ్బొచ్చే పండగని ఎవరైనా ఊరికే ఒక ఏడాది వదులుకుంటారా అని కొత్తగా వినేవాళ్లకి అనిపిస్తుంది గానీ, అదొక పాడి రైతు పొలమని తెలిస్తే ఇందులో వింతేమీ కనిపించదు. రెండు లక్షల మందికి పైగా జనం ఐదు రోజుల పాటు గుడారాలేసుకుని, గంతులేసి, వానొస్తే మోకాళ్ల దాకా బురద చేసి వెళ్లిపోయిన నేలలో మళ్లీ గడ్డి మొలవాలి, ఆ గడ్డి ఆవులు మేయాలి.

ముందు పేరు సంగతి. ఇది జరిగేది గ్లాస్టన్‌బరీ ఊళ్లో కానే కాదు. అక్కడికి ఓ పది కిలోమీటర్ల దూరంలో, ఇంగ్లండ్ నైరుతిన సోమర్సెట్‌లోని పిల్టన్ అనే పల్లెలో, వర్తీ ఫామ్‌లో జరుగుతుంది. 1954లో తండ్రి పోవడంతో మైకేల్ ఈవిస్ పంతొమ్మిదేళ్లకే ఆ పొలాన్నీ, ఆవుల్నీ, వాటితో పాటు అప్పునీ నెత్తికెత్తుకున్నాడు. 1970 జూన్‌లో దగ్గర్లోని షెప్టన్ మాలెట్‌లో బాత్ బ్లూస్ ఫెస్టివల్ జరిగితే, లెడ్ జెపెలిన్ అనే రాక్ బృందాన్ని చూద్దామని స్నేహితురాలు జీన్‌తో కలిసి వెళ్లాడు. వెళ్లడమంటే గేటులోంచి కాదు, కంచె చెట్ల సందులోంచి దూరి. ఈ సందుని కాస్త గుర్తుపెట్టుకోండి.

మన పొలంలో మనమే ఒకటి పెడితే అప్పు తీరుతుంది కదా అనుకున్నాడు. మూడు నెలలు తిరక్కుండానే, 1970 సెప్టెంబర్ 19న, గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ చనిపోయిన మర్నాడు, పెట్టేశాడు. టికెట్ ఒక పౌండు, పొలంలో పితికిన పాలు ఉచితం. వస్తామన్న కింక్స్ బృందం రాలేదు. వాళ్ల బదులు మార్క్ బోలన్ బృందం వాయించింది. వచ్చింది 1,500 మంది. అప్పు తీరడం అటుంచి, ఇంకాస్త పెరిగింది. బోలన్‌కి ఇవ్వాల్సిన 500 పౌండ్లు ఒకేసారి ఇవ్వలేక, పాల బిల్లులోంచి నెలకు 100 చొప్పున ఐదు నెలలు కట్టాడట. రాక్ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చే లెక్క ఇదే.

1971 గురించి అందరూ మైమరిచిపోయి చెబుతారు. విన్‌స్టన్ చర్చిల్ మనవరాలు అరబెల్లా చర్చిల్, ఆండ్రూ కెర్ లాంటి వాళ్లు పూనుకుని టికెట్ లేకుండా నడిపారు. పిరమిడ్ ఆకారంలో మొదటి స్టేజీ అప్పుడే లేచింది, తెల్లవారుజామున డేవిడ్ బోవీ పాడాడు. అందమైన కథే, కాదనను. కానీ ఎవరో కొందరు జేబులోంచి పెడితే నడిచిన పండగ మరుసటి ఏడాది ఎలా నడుస్తుంది? నడవలేదు. 1979లో మళ్లీ పెడితే మళ్లీ నష్టం.

అసలు మలుపు 1981. అణ్వాయుధాలకు వ్యతిరేకంగా పోరాడే సీఎన్‌డీతో కలిసి, దానికి విరాళాల కోసం నిర్వహించారు, మొదటిసారి డబ్బు మిగిలింది. ఆ ఏడాదే ఈవిస్ శాశ్వతంగా ఉండేలా కొత్త పిరమిడ్ కట్టాడు, టెలిగ్రాఫ్ స్తంభాలతో, రక్షణ శాఖ వాడి పడేసిన రేకులతో. అణుబాంబులు వద్దని అరిచింది రక్షణ శాఖ రేకుల కింద నిలబడే అన్నమాట. చలికాలంలో అదే గొడ్ల కొట్టం, అదే గడ్డివాము. 1994లో పండగకి ఇంకో రెండు వారాలు కూడా లేదనగా అది కాలిపోయింది.

జనం పెరిగేకొద్దీ ఊరివాళ్ల ఫిర్యాదులూ పెరిగాయి. చప్పుడు, చెత్త, ట్రాఫిక్. 1983 నుంచి స్థానిక కౌన్సిల్ లైసెన్సు తప్పనిసరైంది, మొదట్లో పరిమితి 30,000 మంది. 1990లో పండగ అయ్యాక సంచార బృందాలకీ సెక్యూరిటీకీ పెద్ద కొట్లాటే జరిగింది, 1991లో అసలు పెట్టలేదు.

ఇక ఆ సందు దగ్గరికి వద్దాం. తొంభైల్లో ఏటా టికెట్ కొన్నవాళ్లు గేటులోంచి వస్తుంటే, కొననివాళ్లు కంచె మీద నిచ్చెనలేసి, లేకపోతే కింద తవ్వుకుని వచ్చేవాళ్లు. ముప్పై ఏళ్ల కింద ఈవిస్ చేసింది కూడా ఇదే కాబట్టి నవ్వి ఊరుకోవచ్చు, 2000 దాకా. ఆ ఏడాది లైసెన్సు లక్ష మందికి, లోపలికొచ్చింది సుమారు రెండున్నర లక్షల మంది. సరిగ్గా ఆ తర్వాతి వారమే డెన్మార్క్‌లోని రోస్కిల్డే ఫెస్టివల్‌లో పర్ల్ జామ్ వాయిస్తుండగా తొక్కిసలాటలో తొమ్మిది మంది చచ్చిపోయారు. పిల్టన్‌లో అలాంటిది జరగకపోవడం కేవలం అదృష్టమని అందరికీ అర్థమైంది. 2001 రద్దు. 2002లో కచేరీలు నిర్వహించే మీన్ ఫిడ్లర్ అనే లండన్ కంపెనీని చేర్చుకుని, పది లక్షల పౌండ్లు పోసి మనిషికి రెండింతల ఎత్తున ఉక్కు కంచె కట్టారు. 2007 నుంచి ముందుగా ఫోటోతో పేరు నమోదు చేసుకుంటేనే టికెట్, దాన్ని ఇంకొకరికి అమ్ముకోవడం కుదరదు.

కంచెతో పాత ఆత్మ పోయిందనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల బాధలో కొంత నిజముంది. 2025 టికెట్ 373.50 పౌండ్లు, అయినా గంటలోపే అయిపోయాయి. ఆ రేటుకి కుర్రకారులో ఎంతమంది కొనగలరు? కానీ కంచె లేకపోతే లైసెన్సు వచ్చేది కాదు, లైసెన్సు లేకపోతే పండగే లేదు. నేనైతే కంచె వైపే.

పొలం గోల మాత్రం కంచెతో తీరేది కాదు. 2014లో మురుగు ట్యాంకు కారి పక్కనున్న వైట్‌లేక్ వాగులో చేపలు చచ్చిపోతే, 2016లో కోర్టు జరిమానా, ఖర్చులు కలిపి 31,000 పౌండ్లు కట్టించింది. గుడారాల మేకులు ఇంకో తలనొప్పి. జనం ఇనప మేకులు మట్టిలోనే వదిలేసి పోతారు, అవి ఆవు కాలికి గుచ్చుకుంటాయి, గడ్డితో పాటు కడుపులోకీ పోతాయి. అందుకే పండగ అయ్యాక ట్రాక్టరుకి అయస్కాంతం కట్టి పొలమంతా తిప్పుతారు. మట్టిలో కరిగిపోయే మేకులు పంచింది కూడా ఇందుకే. 2012 పడావుకి ఇంకో కారణం కూడా తోడైంది: లండన్ ఒలింపిక్స్‌కే మొబైల్ టాయిలెట్లు, పోలీసులు సరిపోని పరిస్థితి.

పండగ రోజుల్లో ఆవులు షెడ్డులోనే ఉంటాయి. 2026లో అవి ఎక్కువ రోజులు బయట మేస్తాయని, తమ నేల తాము మళ్లీ తీసుకుంటాయని ఈవిస్ కూతురు ఎమిలీ ముందే చెప్పింది. మనుషుల వంతు మళ్లీ 2027లో.