జమైకా బాబ్‌స్లెడ్ జట్టు: అపోహలు – వాస్తవాలు

అపోహ: మంచు పడని దేశానికి బాబ్‌స్లెడ్ (మంచు గడ్డకట్టిన వంపుల ట్రాక్ మీద స్లెడ్ అనే జారుడుబండిలో కిందికి దూసుకెళ్లే పందెం) అందదు.

వాస్తవం: ఆట మొదలయ్యేది పరుగుతో. నలుగురూ స్లెడ్‌ను తోస్తూ పరుగెత్తి, వరసగా లోపలికి దూకాలి. నడిపే పైలట్ ముందు, బ్రేకు వేసే బ్రేక్‌మన్ అందరికంటే చివర. మేటి జట్లు టైమింగ్ తీసే మొదటి 50 మీటర్లను 5 సెకన్ల లోపే దాటేస్తాయి. ఈ తోపుడు సాధనకు మంచు అక్కర్లేదు, చక్రాల స్లెడ్ చాలు. 2020 లాక్‌డౌన్‌లో జిమ్‌లు మూతపడితే జమైకా పైలట్ షాన్‌వేన్ స్టీఫెన్స్ ఇంగ్లండ్‌లోని పీటర్‌బరో వీధుల్లో కారు తోస్తూ సాధన చేశాడు. 2022 బీజింగ్‌లో అతను నడిపింది 24 ఏళ్ల తర్వాత ఒలింపిక్స్‌కు చేరిన జమైకా నలుగురి స్లెడ్.

అపోహ: కాళ్లలో వేగం ఉంటే చాలు, తర్వాత స్లెడ్ దానంతటదే పోతుంది.

వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే. పైలట్ చేతిలో ఉండేవి ముందు రన్నర్లను (స్లెడ్ కింద మంచు మీద జారే ఉక్కు పట్టీలు) తిప్పే రెండు తాళ్లు. వేగం గంటకు 130 కిలోమీటర్లు దాటాక ఎక్కువ లాగితే రన్నర్లు పక్కకు జారి సమయం పోతుంది. మలుపులో ఆలస్యంగా దించితే స్లెడ్ గోడ మీద మరీ పైకెక్కి, బయటికొచ్చేటప్పుడు తల్లకిందులవుతుంది. బ్రేకు వేసి కాపాడుకుందామన్నా కుదరదు. దాని పళ్లు మంచును చీల్చేస్తాయి కాబట్టి ముగింపు గీత దాటాకే వాడాలి. పైగా సాధన రోజుల్లో మామూలుగా దొరికేవి రెండు రన్‌లు, ఒక్కోటి సుమారు నిమిషం. అంటే రోజంతా కష్టపడితే మంచు మీద నడిపేది రెండు నిమిషాలు! దగ్గర్లో ట్రాక్ లేని దేశానికి అసలు లోటు ఇదే. విమానం, బస, స్లెడ్ రవాణా, అన్ని ఖర్చులూ ఆ రెండు నిమిషాల కోసమే.

అపోహ: 1988 కాల్గరీ (కెనడా) వింటర్ ఒలింపిక్స్‌లో స్లెడ్‌ను భుజాన మోసుకుంటూ గీత దాటారు.

వాస్తవం: అది ‘కూల్ రన్నింగ్స్’ సినిమాలో. మూడో రన్‌లో డడ్లీ స్టోక్స్ జట్టు బోల్తా పడింది. నలుగురూ లేచి స్లెడ్ పక్కన నడిచి వెళ్లారు.

అపోహ: ఎంత బరువుంటే అంత లాభం.

వాస్తవం: మనుషులతో కలిపి నలుగురి స్లెడ్‌కు పరిమితి 630 కిలోలు. తక్కువైతే స్లెడ్‌కు అదనపు బరువు బిగించుకోవచ్చు, కానీ దాన్నీ తోయాల్సింది ఆ నలుగురే. అందుకే బరువు ఇనుములో కన్నా కండలో ఉండటం మేలు.

అపోహ: స్లెడ్ వేగంగా జారడానికి రన్నర్లను కాస్త వేడి చేస్తే ఎవరికీ తెలియదు.

వాస్తవం: స్టార్ట్ దగ్గర ఆరుబయట ఒక నమూనా రన్నర్ వేలాడుతుంది. దానికన్నా మీది 4 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడిగా ఉంటే అనర్హతే. రన్నర్లను ఎండ తగలకుండా ఉంచి, పొడవునా ఒకే వైపు సన్నటి శాండ్‌పేపర్‌తో రుద్ది పాలిష్ చేయాలి. 1994 లిల్లెహామర్ (నార్వే) వింటర్ ఒలింపిక్స్‌లో అమెరికా మొదటి జట్టును పోటీ నుంచి తప్పించింది ఈ వేడి కొలతే.

అపోహ: జమైకా వచ్చేది సరదాకి.

వాస్తవం: ఆ లిల్లెహామర్ పోటీలోనే జమైకా 14వ స్థానంలో నిలిచింది, అమెరికా రెండో జట్టు కన్నా ముందు. స్లెడ్ నడిపింది కాల్గరీలో బోల్తా పడిన డడ్లీ స్టోక్సే. మధ్యలో ఆరేళ్లు తాళ్లు అతని చేతిలోనే ఉన్నాయి. చిన్న దేశాలు కొత్త పరుగువీరుల కోసం వెతకడం కంటే ముందు ఒకే పైలట్‌ను ఏళ్ల తరబడి నిలబెట్టుకోవాలి.