రిపోర్టులో ‘పెనిసిలియం’ అని వస్తే: కొన్ని అపోహలు - వాస్తవాలు

ఆస్పత్రి మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేసేవాళ్లకు పెనిసిలియం పాత పరిచయమే. బత్తాయి మీద, పాత రొట్టె మీద పట్టే పచ్చ బూజులో చాలావరకు ఈ జాతే. దీని గురించి తరచూ వినే మాటలు కొన్ని ఇవి.

అపోహ: కళ్లె పరీక్షలో పెనిసిలియం వచ్చిందంటే ఊపిరితిత్తులకు ఫంగస్ పట్టినట్టే.

2021లో బ్లాక్ ఫంగస్‌ను చూశాక, రిపోర్టులో ఫంగస్ అన్న మాట కనబడితే చాలు, ఇంటిల్లిపాదికీ టెన్షన్. కానీ పెనిసిలియం బీజాలు ఎప్పుడూ గాలిలో తిరుగుతూనే ఉంటాయి. కల్చర్ ప్లేట్ (నమూనాలోని సూక్ష్మజీవులను పెంచే పళ్లెం) మూత కాస్త పక్కకు జరిగినప్పుడు ఒక్క బీజం పడినా, కొద్ది రోజుల్లో నీలిపచ్చ కాలనీ లేస్తుంది. అందుకే మేం వెతికేది వేరు. నమూనాను నేరుగా మైక్రోస్కోప్ కింద చూసినప్పుడు ఫంగస్ పోగులు కనబడ్డాయా? రెండోసారి పంపిన నమూనాలోనూ అదే పెరిగిందా? రోగి లక్షణాలకూ స్కాన్‌కూ అది సరిపోతోందా? ఇవేవీ లేకుండా ఒక్క కాలనీ వచ్చిందని నెలల తరబడి ఫంగస్ మందులు మింగించడం, నా దృష్టిలో, రిపోర్టుకు వైద్యం చేయడమే.

అపోహ: అయితే పెనిసిలియం ఎప్పుడూ ప్రమాదం కాదు.

ఇది మొదటిదాని కన్నా చెడ్డ అపోహ. పెనిసిలియం మార్నెఫీ అనే రకం సంగతి పూర్తిగా వేరు. 1956లో వియత్నాంలోని దలాత్‌లో, పాశ్చర్ సంస్థలో ఉన్న ఒక వెదురు ఎలుకలో దీన్ని కనుగొన్నారు. దాన్ని వర్ణించి పేరుపెట్టిన సెగ్రెటాన్‌కు ల్యాబులో సూది గుచ్చుకుని, వేలికి ఆ ఇన్ఫెక్షనే వచ్చింది. 2011లో దీన్ని టాలరోమైసిస్ అనే జాతిలోకి మార్చారు. పాత రిపోర్టుల్లో ఒక పేరు, కొత్తవాటిలో ఇంకో పేరు ఉంటే అవి రెండు జబ్బులు కావు.

ఇది 25 డిగ్రీల దగ్గర మామూలు బూజులా పెరుగుతూ ప్లేట్ అంతా ఎర్రరంగు వదులుతుంది. 37 డిగ్రీల దగ్గర, అంటే మన ఒంట్లో, ఈస్ట్ రూపంలోకి మారిపోతుంది. ఎయిడ్స్ ప్రబలిన రోజుల్లో ఉత్తర థాయ్‌లాండ్‌లో క్షయ, క్రిప్టోకాకస్ (మెదడు పొరలకు పట్టే ఇంకో ఫంగస్)ల తర్వాత ఎక్కువగా కనిపించిన ఇన్ఫెక్షన్ ఇదే. మన దేశంలో దీని స్థావరం మణిపూర్, ఆ చుట్టుపక్కల ఈశాన్యం. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఉన్న డాక్టరు కూడా దీన్ని గుర్తుంచుకోవాల్సిందే. ఈశాన్యంలో పనిచేసి తిరిగొచ్చిన జవానుకో కూలీకో ఎప్పుడో పీల్చిన బీజం, రోగనిరోధక శక్తి పడిపోయాక నిద్రలేవొచ్చు. హెచ్‌ఐవీ ఉన్నవారిలో సీడీ4 కణాలు (రోగాలతో పోరాడే తెల్లకణాలు) మైక్రోలీటరు రక్తంలో 100 కన్నా తగ్గినప్పుడు ముప్పు ఎక్కువ. హెచ్‌ఐవీ లేనివారిలోనూ ఇది వస్తుంది.

అపోహ: నెలల తరబడి జ్వరం, బరువు తగ్గడం, గడ్డలు కడితే అది టీబీయే.

మన దగ్గర ముందు టీబీని అనుమానించడం సహజమే. అక్కడే ఆగిపోతేనే చిక్కు. మార్నెఫీలోనూ జ్వరం, రక్తహీనత, కాలేయం, ప్లీహం వాపు, లింఫ్ గడ్డలు ఉంటాయి. ముఖం మీద మధ్యలో గుంట పడ్డ పొక్కులు లేస్తే అది పెద్ద ఆధారం, వాటిని మొలస్కం (వైరస్ వల్ల వచ్చే మామూలు పొక్కులు) అనుకుని వదిలేయకూడదు. ఆ పొక్కును గీకి స్లైడు మీద రంగు వేసి చూస్తే, మధ్యలో అడ్డగీత ఉన్న ఈస్ట్ కణాలు అదే రోజు దొరకొచ్చు. కల్చర్ కోసం రోజుల తరబడి ఆగనక్కర్లేదు. ఇంకో మాట: టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, ఈ ఫంగస్‌కు వాడే ఇట్రాకొనజోల్ మోతాదును రక్తంలో బాగా తగ్గించేస్తుంది. రెండూ కలిసి నడుస్తుంటే టీబీ చూసే డాక్టరుకూ, ఫంగస్ చూసే డాక్టరుకూ తెలియాలి.

వియత్నాంలో 440 మందిపై జరిగి 2017లో వెలువడిన అధ్యయనంలో, మొదట ఆంఫోటెరిసిన్ (రక్తనాళంలోకి ఎక్కించే ఫంగస్ మందు) తీసుకున్నవారిలో ఆరు నెలల్లో 11 శాతం మంది చనిపోగా, మొదటి నుంచీ నోటి మందు ఇట్రాకొనజోల్ తీసుకున్నవారిలో 21 శాతం మంది పోయారు. కాబట్టి మాత్రలతో మొదలుపెడదాం అనే బేరం ఇక్కడ పనికిరాదు.

అపోహ: మార్నెఫీ వెదురు ఎలుకలను ముట్టుకుంటే వస్తుంది, రోగి నుంచి అంటుకుంటుంది.

మనిషి నుంచి మనిషికి అంటుకుంటుందన్న ఆధారం లేదు. ఎలుకల్లో ఫంగస్ ఉన్న మాట నిజం. అయినా థాయ్‌లాండ్‌లో ఆరా తీస్తే ముప్పు కనిపించింది ఎలుకల దగ్గర కాదు, వానాకాలంలో మట్టి పని దగ్గర. రోగికి కంచం, మంచం వేరు చేయక్కర్లేదు.

అపోహ: పెనిసిలియం కాబట్టి పెనిసిలిన్‌తో తగ్గుతుంది.

తగ్గదు. ఈ బూజు నుంచే వచ్చినా, పెనిసిలిన్ దెబ్బతీసేది బ్యాక్టీరియా గోడను, అలాంటి గోడ ఫంగస్‌కు లేదు. తామరకు వాడే గ్రిసియోఫుల్విన్ కూడా పెనిసిలియం నుంచి వచ్చిందే, దానికీ తామర జాతి ఫంగస్ వరకే పట్టు.

అపోహ: బూజు పట్టిన రొట్టె తిని కుక్క వణుకుతోందంటే దానికి ఫంగల్ ఇన్ఫెక్షన్.

గంటల్లోనే మొదలయ్యే ఆ వణుకు విషం పని. కొన్ని పెనిసిలియంలు పెనిట్రెమ్ అనే విషం తయారుచేస్తాయి, అది నరాల మీద పడుతుంది. ఒళ్లంతా పాకే అసలు ఇన్ఫెక్షన్ కుక్కల్లో అరుదు, వచ్చినవాటిలో జర్మన్ షెపర్డ్‌లు ఎక్కువ. వణుకుతున్న కుక్కకు ఇంట్లో వాంతి చేయించబోకండి, మూర్ఛ వస్తే ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మిగిలిన రొట్టె ముక్కను కవర్లో వేసుకుని వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.