ఆక్సొలాటల్ మేత ముట్టకపోతే

అక్వేరియంలలో పెంచే నీటి సలమాండర్లలో ఎక్కువమందికి తెలిసినది ఆక్సొలాటల్. మెక్సికో నగరం దక్షిణ భాగంలోని సోచిమిల్కో సరస్సు, దాని కాలువలు దీని సొంత తావు. చాలా రకాల సలమాండర్లు డింభక దశ దాటగానే మొప్పలు రాల్చుకుని నేల మీదికి వస్తాయి. ఇది మాత్రం తల వెనుక ఈకల్లా విచ్చుకున్న మొప్పలతో జీవితమంతా నీటిలోనే గడిపి, ఆ రూపంలోనే గుడ్లు కూడా పెడుతుంది. ఊపిరీ తిండీ విసర్జనా అన్నీ ఒకే నీటిలో జరుగుతాయి కాబట్టి, ఇది మేత మానేసినప్పుడు చాలాసార్లు లోపం నీటిలోనే ఉంటుంది. అయినా చాలామంది ముందు మేత మార్చి చూస్తారు, నీటి సంగతి ఆఖరున గుర్తొస్తుంది.

దీనికి చూపు అంతంతమాత్రం. వాసన, నీటిలో కదలికను పసిగట్టే పార్శ్వరేఖా జ్ఞానేంద్రియాలు దీనికి దారి చూపుతాయి. పట్టకారుతో వానపాము ముక్కను మూతి దగ్గర మెల్లగా ఆడిస్తే, కాసేపు కదలకుండా ఉండి, తల కొద్దిగా తిప్పి, ఒక్కసారిగా నోరు తెరుస్తుంది. నోటిలోకి దూసుకుపోయే నీటితో పాటు మేత కూడా లోపలికి పోతుంది. పళ్లు ఉన్నా అవి పట్టుకోవడానికే తప్ప నమలడానికి పనికిరావు. ఈ పీల్చే పద్ధతి వల్లే అడుగున ఉన్న గులకరాళ్లు కూడా పొట్టలోకి చేరి పేగులకు అడ్డుపడతాయి. కాబట్టి అడుగున సన్నని ఇసుక పరచడమో, ఏమీ పరచకుండా వదిలేయడమో మంచిది.

పెద్ద ఆక్సొలాటల్‌కు వానపామును మించిన మేత లేదు. పురుగుమందులు తగలని మట్టిలోంచి తీసి, కడిగి, పెద్దదైతే ముక్కలు చేసి పెట్టాలి. కంపోస్టులో పెరిగే సన్నని ఎర్ర వానపాములు చేదు ద్రవం స్రవిస్తాయి కాబట్టి, కొన్ని ఆక్సొలాటల్‌లు వాటిని నోట్లోకి తీసుకుని వెంటనే ఉమ్మేస్తాయి. అది రుచి నచ్చకపోవడమే, జబ్బు కాదు. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు కదిలే మేతనే గుర్తిస్తాయి కనుక వాటికి బతికున్న బ్రైన్ ష్రింప్ (ఉప్పునీటిలో పెరిగే రొయ్యలాంటి చిన్న జీవి) పిల్లలు, డాఫ్నియాలు (నీటి ఈగలు) కావాలి. కాస్త పెరిగిన వాటికి బ్లడ్‌వర్మ్‌లు (నీటిలో పెరిగే సన్నని ఎర్ర పురుగులు), నీటిలో మునిగే పెల్లెట్లు పెట్టవచ్చు. కొవ్వు ఎక్కువగా ఉండే జంతు మాంసం, గట్టి పెంకు ఉండే మీల్‌వర్మ్‌లు (పిండి పురుగులు), రోగాలు మోసుకొచ్చే మేత చేపలు వద్దు. పిల్లలకు రోజూ, పెద్దవాటికి వారానికి రెండు మూడుసార్లు మేత చాలు. పొట్ట వెడల్పు తల వెడల్పుతో దాదాపు సమానంగా ఉంటే తిండి సరిపోతున్నట్టే లెక్క. నిండుగా ఉన్న పెద్ద జంతువు ఒక పూట మొహం తిప్పుకుంటే కంగారు పడనక్కరలేదు.

నిజంగానే తిండి మానేసిందనిపిస్తే మొదట చూడాల్సింది థర్మామీటర్. దీనికి హాయిగా ఉండే ఉష్ణోగ్రత 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్. 24 దాటితే ఒత్తిడి మొదలవుతుంది. వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది, అదే సమయంలో శీతల రక్త జంతువు శరీరం ఎక్కువ ఆక్సిజన్ కోరుతుంది. ఈ రెంటి మధ్య నలిగిన జంతువు ముందుగా వదులుకునేది తిండినే. నీటి పైభాగానికి ఫ్యాన్ గాలి తగిలేలా చేస్తే ఆవిరితో పాటు కొంత వేడి పోతుంది. మంచు నింపిన సీసాలు వేసి తీయడం వల్ల ఉష్ణోగ్రత పడుతూ లేస్తూ ఉంటుంది, అది మరో బాధ.

తరువాత చూడాల్సింది జంతువుకు విషమైన అమోనియా. విసర్జన నుంచి, మిగిలిపోయిన మేత నుంచి పుట్టే అమోనియాను ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా స్థిరపడటానికి వారాలు పడుతుంది. ఫిల్టర్ స్పాంజిని శుభ్రంగా ఉంచాలని క్లోరిన్ ఉన్న కుళాయి నీటితో కడిగేవారు ఆ బ్యాక్టీరియానే చంపుకుంటారు. తొట్టిలోంచి తీసిన నీటిలోనే దాన్ని పిండాలి. టెస్ట్ కిట్‌లో అమోనియా, నైట్రైట్ సున్నా చూపాలి. చూపకపోతే క్లోరిన్ తొలగించిన, అదే ఉష్ణోగ్రతలో ఉన్న నీటితో కొంత భాగం మార్చాలి. మొప్పలు ముందుకు వంగడం, తోక కొన మెలిక తిరగడం ఒత్తిడికి గుర్తులు. అమోనియా లేకపోయినా, ఫిల్టర్ నుంచి వచ్చే ప్రవాహం జోరుగా ఉంటే ఇవే కనిపిస్తాయి.

నీరు బాగున్నా తినకపోతే దాని ఒంటిని చూడాలి. పొట్ట ఉబ్బి, విసర్జన ఆగి, జంతువు పైకి తేలుతుంటే పేగుల్లో అడ్డు ఉండవచ్చు. ఇలాంటప్పుడు ఫ్రిజ్‌లో పెట్టే చిట్కా ప్రచారంలో ఉంది కానీ, నీరసించిన జంతువును అంత చలిలోకి నెట్టడం పశువైద్యుడు చెబితే తప్ప చేయదగ్గ పని కాదు. మొప్పల మీద దూదిలాంటి తెల్లని పొర, వాంతి, తల కంటే సన్నబడిన ఒళ్లు కనిపించినా ఉభయచరాలను చూసే వైద్యుడి దగ్గరికే వెళ్లాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద ఆక్సొలాటల్ రెండు వారాల దాకా తిండి లేకుండా తట్టుకోగలదు, పిల్లలు అన్నాళ్లు ఆగలేవు. నోరు బలవంతంగా తెరిచి తినిపించడం వల్ల మెత్తని ఎముకలున్న దవడకు గాయమవుతుంది. ఆకలి తిరిగి వచ్చాక మొదట చిన్న ముక్కే పెట్టి, అది అరిగి విసర్జన కనిపించిన తరువాతే మామూలు మేతకు రావాలి.