గుండె ఆపరేషన్ పొద్దునా, మధ్యాహ్నమా: నలభై ఏళ్ల చర్చ

గుండెపోటుకు వేళాపాళా ఉంటుందని వైద్యులకు ఎప్పటినుంచో అనుమానం. దాన్ని 1985లో అమెరికాలో జేమ్స్ ముల్లర్ బృందం లెక్కతో తేల్చింది. నొప్పి ఎప్పుడు మొదలైందో రోగి చెప్పిన మాటనే నమ్ముకోకుండా, 703 మందిలో, గుండె కండరం దెబ్బతింటే బయటికొచ్చే సీకే-ఎంబీ అనే ఎంజైము రక్తంలో ఎప్పుడు పెరగడం మొదలైందో చూసింది. రాత్రి 11తో పోలిస్తే ఉదయం 9 ప్రాంతంలో గుండెపోట్లు మూడు రెట్లు.

ఆ తర్వాత చర్చ చికిత్స వేళ మీదికి మళ్లింది. 2003లో నెదర్లాండ్స్‌లోని జ్వోలె ఆసుపత్రి వైద్యులు గుండెపోటుతో వచ్చి యాంజియోప్లాస్టీ (మూసుకున్న గుండె రక్తనాళాన్ని చిన్న బెలూన్‌తో తెరిచే చికిత్స) చేయించుకున్న 1,702 మంది వివరాలు చూశారు. ఉదయం 8 నుంచి సాయంత్రం 6 లోపు చేసినవారిలో నెలలోగా మరణాలు 1.9 శాతం, మిగతా వేళల్లో 4.2 శాతం. అమెరికాలో 2005 నాటి పెద్ద అధ్యయనం జాప్యం ఎక్కడ జరుగుతోందో పట్టుకుంది. ఆసుపత్రి గడప దాటినప్పటి నుంచి బెలూన్ తెరిచేదాకా పనివేళల్లో సుమారు 95 నిమిషాలు, రాత్రుళ్లు, వారాంతాల్లో 116. ఈసీజీ ఆలస్యమవడం వల్ల కాదిది. ఈసీజీ తీశాక రోగి యాంజియోప్లాస్టీ చేసే గది, అంటే క్యాథ్ ల్యాబ్ చేరడానికి పనివేళల్లో 49 నిమిషాలు పడుతుంటే, మిగతా వేళల్లో 70 పట్టింది. టెక్నీషియన్, నర్సు, కార్డియాలజిస్టు ఇళ్ల నుంచి రావాలి మరి. ఎమర్జెన్సీ డాక్టరే ఒక్క ఫోన్‌తో బృందాన్నంతా పిలవాలి, వాళ్లు 20-30 నిమిషాల్లో చేరాలి అన్న పద్ధతులు అక్కడ 2006 తర్వాత ఊపందుకున్నాయి. ఇది ఆసుపత్రి సర్దుబాటుతో తీరే సమస్య.

శరీరంలోని గడియారం సంగతి వేరు. 2010లో ఎలుకలపై చేసిన ప్రయోగంలో, నిద్ర నుంచి మెలకువకు మారే వేళ రక్తప్రసారం ఆపి వదిలితే గుండె కండరం చాలా ఎక్కువగా చచ్చిపోయింది. గుండె కణాల్లోని గడియారాన్ని చెడగొట్టిన ఎలుకల్లో ఆ తేడా లేదు. వాల్వు ఆపరేషన్‌లోనూ జరిగేది దాదాపు ఇదే. గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే బృహద్ధమనికి క్లాంప్ (పట్టుకారు) వేసి గుండెను ఆపుతారు. క్లాంప్ తీయగానే తిరిగొచ్చే రక్తమే కొన్ని కణాలను దెబ్బతీస్తుంది. గుండె కణాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ అనే ప్రొటీన్ పరీక్షలో ఆ దెబ్బ కనిపిస్తుంది.

ఫ్రాన్స్‌లోని లీల్ బృందం 2017లో సంచలనం రేపింది ఇక్కడే. బృహద్ధమని వాల్వు మార్చిన 596 మందిని జతలుగా పోల్చి 500 రోజులు గమనిస్తే, తీవ్రమైన గుండె సమస్యలు పొద్దుటివారిలో 18 శాతం, మధ్యాహ్నంవారిలో 9 శాతం. 88 మందికి చీటీ పద్ధతిలో వేళ కేటాయించి చూసినా, మధ్యాహ్నం ట్రోపోనిన్ తక్కువే పెరిగింది. రెవ్-ఎర్బ్ ఆల్ఫా అనే గడియారపు జన్యువు పాత్ర ఉందని ప్రయోగశాలలోనూ చూపారు.

అయినా ‘మధ్యాహ్నమే మేలు’ అనేయడం తొందరపాటు. 88 మంది చిన్న సంఖ్య. వాళ్లలో తేలింది ట్రోపోనిన్ తేడా, మరణాల తేడా కాదు. తర్వాత కొన్ని ఆసుపత్రుల పాత రికార్డుల్లో వెతికితే తేడా దొరకలేదు. రికార్డులతో చిక్కేమిటంటే, కష్టమైన కేసును మొదటి స్లాటులో పెట్టే అలవాటు ఉన్నచోట పొద్దుటి ఫలితాలు ఊరికే చెడ్డగా కనిపిస్తాయి. పైగా చాలా రికార్డుల్లో ఉండేది రోగిని థియేటర్‌లోకి తీసుకెళ్లిన సమయం. మత్తు, రక్తనాళాల్లో గొట్టాలు పెట్టడం, ఛాతీ ఎముక కోత, గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్-లంగ్ మెషిన్‌కు కలపడం అయ్యేసరికి గంటకు పైనే గడుస్తుంది. ఎనిమిదికి ‘పొద్దుటి కేసు’గా రాసుకున్న గుండెకు క్లాంప్ పడేది తొమ్మిదిన్నరకో పదికో. నిద్ర లేచి ఎన్ని గంటలైందన్నది చాలా రికార్డుల్లో ఉండనే ఉండదు.