ఫినాల్ (జిగురు రెసిన్ల ముడిసరుకు): గోదాములో, రెసిన్ కెటిల్ (రెసిన్ వండే పాత్ర) దగ్గర వినిపించే అపోహలు

అపోహ: బలహీన ఆమ్లమే కదా, సల్ఫ్యూరిక్ అంత ప్రమాదం కాదు.
బలహీనమన్నది నిజమే. పీకేఏ (ఆమ్ల బలం చెప్పే అంకె, ఎంత పెద్దదైతే ఆమ్లం అంత బలహీనం) 10 దరిదాపుల్లో ఉంటుంది, వంటసోడా ద్రావణంలో వేసినా పొంగు రాదు. కానీ చర్మానికి చేసే హాని ఆ అంకెలో కనబడదు. పడ్డచోట తెల్లబడి మొద్దుబారుతుంది. నొప్పి తెలియక మనిషి పని చేసుకుంటూనే ఉంటాడు. ఈలోగా అది రక్తంలోకి ఇంకి గుండె, మూత్రపిండాల దాకా పోతుంది.

అపోహ: మీద పడితే తడిగుడ్డతో తుడిస్తే చాలు.
వీటన్నిటిలో ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. కొద్దిపాటి నీళ్లు ఫినాల్‌ను పలచబరిచి ఇంకాస్త చర్మానికి పులుముతాయి. తడిసిన బట్టలు, బూట్లు విప్పేసి షవర్ కింద ధారాళంగా కడగాలి. పాలీఇథిలీన్ గ్లైకాల్ (ఫినాల్‌ను కరిగించుకునే ద్రవం) 300 రకం గానీ 400 రకం గానీ ఉంటే గుడ్డలు మారుస్తూ దానితో తుడవాలి. అది దొరికేదాకా షవర్ ఆపకూడదు. కంట్లో పడితే మాత్రం ఉత్త నీళ్లే, కనీసం 15 నిమిషాలు. మచ్చ చిన్నదైనా ఆసుపత్రికి పంపాల్సిందే.

అపోహ: గులాబీ రంగు తిరిగిన సరుకు పనికిరాదు.
గాలి, వెలుతురు తగిలి కొద్దిగా ఆక్సీకరణ చెందితే ఆ రంగు వస్తుంది. ఎలాగూ ముదురు రంగుండే ప్లైవుడ్ జిగురుకు ఇబ్బంది లేదు. రంగు పట్టింపున్న బిస్ఫినాల్-ఏ (ప్లాస్టిక్ ముడిసరుకు) తయారీకి మాత్రం పనికిరాదు.

అపోహ: గడ్డకట్టిన డ్రమ్ము కింద మంట పెడితే త్వరగా కరుగుతుంది.
ఫినాల్ 41 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 79 డిగ్రీలకే దాని ఆవిరి అంటుకోగలదు. పైగా పైన గడ్డ బిరడాలా ఉండి అడుగు మాత్రం కరిగితే, వ్యాకోచించే ద్రవానికి చోటు లేక డ్రమ్ము పగలొచ్చు. మూత వదులు చేసి, 50–60 డిగ్రీల నీళ్ల తొట్టిలో నిలబెట్టాలి.

అపోహ: ఫినాయిల్, ఫినాల్ ఒకటే.
కాదు. తెల్ల ఫినాయిల్ సాధారణంగా పైన్ ఆయిల్ ఎమల్షన్. నల్లదాంట్లో బొగ్గు తారు నుంచి వచ్చే తారు ఆమ్లాలు (ఫినాల్ జాతి రసాయనాలు) ఉంటాయి. పాములు రావని ఇంటి చుట్టూ కార్బాలిక్ యాసిడ్ (ఫినాల్‌కే పాత పేరు) చల్లేవాళ్లున్నారు. పాముల సంగతేమో గానీ, అక్కడ ఆడుకునే పిల్లల కాళ్లు కాలతాయి.

అపోహ: రెసిన్ వండేటప్పుడు ఫినాల్, ఫార్మాలిన్ (ఫార్మాల్డిహైడ్ నీటి ద్రావణం), కాస్టిక్ సోడా ఒకేసారి పోస్తే బ్యాచ్ తొందరగా దిగుతుంది.
ఒక మోల్ ఫినాల్‌కు 1.8 మోల్ ఫార్మాల్డిహైడ్ చొప్పున, 100 కిలోల ఫినాల్‌కు 37 శాతం ఫార్మాలిన్ సుమారు 155 కిలోలు పడుతుంది. చర్యలో వేడి పుడుతుంది, ఆ వేడికి చర్య ఇంకా ఊపందుకుంటుంది. మొత్తం ఒకేసారి పోస్తే జాకెట్‌లో (కెటిల్ చుట్టూ) తిరిగే చల్లార్చే నీళ్లు చాలక కెటిల్ పొంగి పేలొచ్చు. ఫార్మాలిన్‌ను ఆగి ఆగి వదలాలి. ఉష్ణోగ్రత ఎగబాకుతుంటే మొదట ఫార్మాలిన్ ఫీడ్ కట్టేసి, కూలింగ్ పూర్తిగా తెరవాలి. స్టిర్రర్ మాత్రం ఆపకూడదు.